మధుమేహము – దాంపత్యము : ఒక శబ్దచరిత్ర

తెలుగున 'మేహము' అను మాటకు వాడుకలో స్థిరమైన యర్థము లేదు. నాటువైద్యునియొద్దకు వచ్చిన రోగి తనకు మేహము కలదని చెప్పినపుడు, అది మూత్రమున తీపి పోవు వ్యాధియా, సెగరోగమా, శుక్రము నష్టమగుటయా, లేక కేవలము ఒంటివేడియా అను సంగతి అడిగి తెలిసికొనవలసినదే. మేహమనగా కొందఱకు సుఖవ్యాధి. కొందఱకు ధాతువు పోవుట. శాస్త్రము చదివినవారికి ప్రమేహము. ఒకే మాట యిన్ని దిక్కులకు లాగబడుటవలన చిక్కు నిఘంటుకారునికి మాత్రమే కలిగెనని తలపరాదు. మధుమేహము కలవారి దాంపత్యజీవనమున ఏర్పడు ఇబ్బందులను గూర్చి నోరు విప్పుటకు మనవారు నేటికిని జంకుచున్నారు. ఆ జంకునకు ఈ శబ్దచరిత్రము కొంతవఱకు కారణమని మా యభిప్రాయము. ఆ శబ్దము నడచిన త్రోవను, దానితోపాటు ఆ యిబ్బందిని వైద్యలోకము గుర్తించిన క్రమమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

'మేహ' శబ్దమునకు మూలము 'మిహ' ధాతువు. దానికి సేచనమని యర్థము. మేఘశబ్దమును యాస్కుడు ఈ ధాతువునుండియే సాధించెను. అమరసింహుడు పురుషాంగమునకు చెప్పిన పర్యాయపదములలో మేఢ్ర, మేహన శబ్దములు రెండును ఈ కుటుంబమునకు చెందినవే. కావున ప్రమేహమనగా మిక్కిలిగా స్రవించుట; మధుమేహమనగా తేనెవంటి మూత్రము స్రవించుట. శాస్త్రకారులు స్రవించు ద్రవమునుబట్టి రోగమునకు పేరు పెట్టిరి. జనులు స్రవించు స్థానమునుబట్టి ఆ పేరునకు అర్థము చెప్పుకొనిరి. అర్థము జాఱుట యిక్కడనే మొదలైనది. ఇరువది ప్రమేహములలో కఫజములైన పదింటిలో నొకటి శుక్రమేహ మగుటచే ఆ జాఱుడునకు శాస్త్రమునందే ఒక మెట్టు దొరకినదనియు చెప్పవచ్చును.

అయినను చరకసంహితను చదివినవారికి అందు నిందాదృష్టి కనబడదు. నిదానస్థానమున నాల్గవ అధ్యాయమునందును, చికిత్సాస్థానమున ఆఱవ అధ్యాయమునందును ప్రమేహవిచారము కలదు. కఫజములు పది, పిత్తజములు ఆఱు, వాతజములు నాలుగు. మొదటివి సాధ్యములు, రెండవవి యాప్యములు, మూడవవి అసాధ్యములు. కారణములుగా చెప్పబడినవి సుఖముగా కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, పాలు, క్రొత్తధాన్యము, బెల్లముతో చేసిన వంటకములు మొదలగునవి. వాతప్రమేహహేతువులలో వ్యవాయమును చెప్పబడినది; కాని అది ఉపవాసము, జాగరణము, శోకము, అతివ్యాయామము మున్నగువానినడుమ నొక మాటగా వచ్చినదే గాని, రోగికి పాపము నంటగట్టుటకు వచ్చినది కాదు. రోగము చెఱచు ధాతువుల పట్టికలో మేదస్సు, రక్తము, మజ్జ, ఓజస్సులతోపాటు శుక్రమును చరకుడు చేర్చెను. ఈ వ్యాధి సంతానశక్తిని, పుంస్త్వమును తాకునని ప్రాచీనులు ఊహించుటకు ఇంతకంటె స్పష్టమైన ఆధారము అక్కఱలేదు.

చిత్రమేమనగా, క్లైబ్యవిచారము చరకసంహితలో ఎంతో దూరమున, చికిత్సాస్థానము ముప్పదవ అధ్యాయమున వచ్చును. అది బీజోపఘాతము, ధ్వజభంగము, జర, శుక్రక్షయము అని నాలుగు విధములు. శుక్రక్షయమునకు హేతువులు చెప్పునపుడు చింత, శోకము, క్రోధము, భయము అను మనోధర్మములనుకూడ చరకుడు లెక్కకు తెచ్చెను. మనస్సునకును ఈ శక్తికిని గల సంబంధమును అంత స్పష్టముగా చెప్పినవాడు, తాను ఆఱవ అధ్యాయమున వర్ణించిన రోగిని ముప్పదవ అధ్యాయపు రోగితో ముఖాముఖి నిలువబెట్టి చూపలేదు. రెండు అధ్యాయములనడుమ నున్న ఆ యెడము చాల శతాబ్దులవఱకు పూడలేదు.

ఆ యెడమునందు ఒక అపాయముకూడ పొంచియున్నది. ఆయుర్వేదముయొక్క యెనిమిది అంగములలో వాజీకరణ మొకటి. చికిత్సాస్థానమున రెండవ అధ్యాయము దానికే కేటాయింపబడినది. అందలి యోగములలో పాలు, నేయి, శర్కర, తేనె, మినుములు, మాంసరసము పదేపదే వచ్చును. ప్రమేహనిదానమున కారణములుగా చెప్పిన పదార్థములను దీనిప్రక్కన పెట్టి చూచినచో, పాలు, తీపి, నేతితో కూడిన మినుములు అచ్చటను ఇచ్చటను కలవు. అనగా ఒక అధ్యాయమున రోగకారణమైనది వేఱొక అధ్యాయమున బలకారణ మగుచున్నది. శాస్త్రము నెఱిగిన వైద్యుడు ఈ విరోధమును పరిహరింపగలడు. కాని దేహబలము తగ్గినదని సిగ్గుతో వచ్చిన మధుమేహరోగికి, మూత్రపరీక్ష లేకయే, చక్కెరపాకముతో గూడిన లేహ్యమును ధాతుపుష్టికని యిచ్చిన వైద్యులు మనదేశమున తక్కువ కారు. బలహీనతకు మూలమైన వ్యాధికి ఆ లేహ్యము ఆహారమయ్యెను. రోగి తన యిబ్బంది పేరు చెప్పక 'బలహీనత' అనుటయు, వైద్యుడు మఱి ప్రశ్నింపకుండుటయు దీనికి తోడ్పడినవి.

పదునాఱవ శతాబ్దినుండి ఇంకొక మార్పు కలిగినది. పోర్చుగీసువారి రాకతో మనదేశమునకు సోకిన రోగమును భావమిశ్రుడు ఫిరంగరోగ మని పేర్కొనెను. తెలుగువారు దానిని సవాయి అనిరి. వారకాంతాసంపర్కముచే వచ్చు రోగములకు ఒక సామూహికనామము కావలసివచ్చెను. అందులకు జనవ్యవహారము ఎన్నుకొన్న మాటలలో మేహ మొకటి. సంస్కృతాంధ్రభాషల రెండింటను నడచి, ఇరువదియైదు ప్రకరణములతో తెలుగువైద్యులకు కరదీపిక యైన బసవరాజీయమువంటి గ్రంథములలో ప్రమేహశబ్దము శాస్త్రీయార్థమున నిలిచియున్నను, వీథిలో ఆ మాట పరువు చెడినది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున పత్రికలలోను, పంచాంగముల చివరి పుటలలోను వచ్చిన మందుల ప్రకటనలను చూచినవారికి ఈ సంగతి విశదమే. మేహము, ధాతునష్టము, నరముల నిస్సత్తువ, సవాయి – అన్నింటికిని ఒకే సీసా! ఇట్లు చక్కెరవ్యాధి కలిగిన గృహస్థుడు తన వ్యాధిపేరు చెప్పినంతనే చెడునడతవాడను అనుమానమునకు పాత్రుడగు స్థితి ఏర్పడెను. ఆ పైని అంగశక్తి సన్నగిల్లినదని అతడు ఎవరితో చెప్పుకొనగలడు?

ఈ నింద మనకే పరిమితము కాదు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా వైద్యగ్రంథములును మధుమేహకారణములలో అతిసంభోగమును చేర్చుచు వచ్చినవి. అయినను వ్యాధికిని పుంస్త్వనష్టమునకును గల సంబంధమును గుర్తించుటలో ఇతరదేశముల వైద్యులు కొందఱు ముందున్నారు. 1025 ప్రాంతమున పూర్తియైన తన 'కానూన్' గ్రంథమున ఇబ్న్ సీనా, మధుమేహోపద్రవములలో సంభోగశక్తి కూలిపోవుటను పేర్కొనెను. నిజాముల యాదరమున హైదరాబాదులో వర్ధిల్లిన యునానీ వైద్యమునకు ఆ గ్రంథమే పునాది. 1798లో ఆంగ్లసేనావైద్యుడు జాన్ రోలో ఈ సంబంధమును ప్రస్తావించినట్లు వైద్యచరిత్రకారులు చెప్పుదురు. మాంసాహారమును విధించి మధుమేహమును అదుపులో పెట్టజూచినవా డితడే. 1906 నాటికి జర్మనీయుడు బెర్న్‌హార్డ్ నౌనిన్ పుంస్త్వనష్టమును ఈ వ్యాధియొక్క మిక్కిలి సామాన్యలక్షణములలో నొకటిగా లెక్కించెను. ఇన్ని యున్నను ఇవి యన్నియు గ్రంథములలో ఒకటి రెండు వాక్యములే. రోగి బ్రదుకుటయే సంశయముగా నున్న కాలమున అతని దాంపత్యమును గూర్చి తీరికగా విచారించువా రుండరు గదా.

ఆ కాలము 1922తో ముగిసినది. ఆ సంవత్సరము జనవరి 11వ తేదీన టొరాంటో నగరమున లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి ఇన్సులిన్ ఎక్కింపబడెను. అంతకుముందు పిన్నవయస్సున ఈ వ్యాధి వచ్చినవారు పస్తులతో కొలదికాలము బ్రదికి మరణించుచుండిరి. ఇన్సులిన్ వచ్చినపిదప వారు పెరిగి పెద్దవారైరి, వివాహములు చేసికొనిరి. అంతవఱకు గర్భము ధరించుటయే అరుదైన మధుమేహస్త్రీలు తల్లులగుట సాధ్యమయ్యెను. బోస్టనులో ప్రిసిల్లా వైట్ తన జీవితమంతయు ఇట్టి గర్భిణుల సంరక్షణకు వినియోగించి, 1949లో వారి వ్యాధిస్థితినిబట్టి తరగతులు నిర్ణయించెను. ఆయుర్దాయము పెరిగినకొలది నరములకు, సన్నని రక్తనాళములకు కలుగు హాని కన్నులయందు, మూత్రపిండములయందు, పాదములయందు బయటపడసాగెను. దాంపత్యమునందును బయటపడెను. అయితే కన్నులకు పరీక్ష యేర్పడినది, పాదములకు పరీక్ష యేర్పడినది. నాల్గవదానిని గూర్చి అడిగినవారు లేరు.

అడిగినవారిలో ముఖ్యులు 1958లో అమెరికాలో రూబిన్, బాబట్ అనువారు. వారు 198 మంది మధుమేహపురుషులను ప్రశ్నించి, అందు నూటికి 55 మంది పుంస్త్వనష్టమును అనుభవించుచున్నారని ప్రకటించిరి. దాచుకొన్నది బయటికి వచ్చుటకు ప్రశ్న ఒక్కటియే చాలినది! కాని ఆ దశాబ్దములలో ఈ లోపమును చాలవఱకు మనోవ్యాధిగా భావించుట వైద్యలోకమున సామాన్యము. భార్యయందు అనురాగము తగ్గెననియో, లోలోపల భయమనియో వ్యాఖ్యానించుచుండిరి. ఇదియు మేహశబ్దపు నిందకు చెల్లెలే. ఒకటి నడతను తప్పుపట్టినది, రెండవది మనస్సును. 1971లో మాక్స్ ఎలెన్‌బర్గ్ ఇది పెక్కుమందిలో నరముల వ్యాధియని నిరూపించుటతో ఆ యభిప్రాయమునకు దెబ్బ తగిలెను. 1989లో సయెంజ్ ద తెహాదా, అతని సహచరులు మధుమేహరోగుల అంగధాతువును పరీక్షించి, నరముల ప్రేరణచేతను, రక్తనాళపు లోపొరయొక్క ప్రేరణచేతను అందలి కండరము సడలవలసినంతగా సడలుట లేదని చూపిరి. అంగోత్థానము కండరము బిగియుటచే కాక సడలుటచే కలుగునది. సడలినపుడే రక్తము నిండును. ఆ సడలింపునకు దూతగా పనిచేయునది నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు. ఆ వాయువు దేహమున నిర్వహించు దౌత్యమును కనుగొన్నందులకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమాన మీయబడినది.

అదే సంవత్సరము మార్చి 27న అమెరికాప్రభుత్వము సిల్డెనాఫిల్ మాత్రకు అనుమతి నిచ్చెను. అంతకుముందు గల ఉపాయములు కఠినములు. 1982లో పారిసున వీరాగ్ అంగమునకే సూదిమం దిచ్చు పద్ధతిని ప్రకటించెను. మఱుసటి యేట లాస్ వేగాసున జరిగిన వైద్యసభలో బ్రిండ్లీ అను ఆంగ్లశాస్త్రవేత్త తన శరీరముపైననే అట్టి మందును ప్రయోగించుకొని ఫలితమును సభ్యులకు ప్రత్యక్షముగా చూపెను. విజ్ఞానమునకై సిగ్గును విడిచినవారి చరిత్రలో దీనికి ప్రత్యేకస్థానము కలదు. 1999లో మధుమేహపురుషులు 268 మందిపై జరిగిన పరీక్షలో సిల్డెనాఫిల్ పుచ్చుకొన్నవారిలో నూటికి 56 మందికి మేలు కలుగగా, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో నూటికి 10 మందికే కలిగెను. అనగా అందఱకును పనిచేయు మందు కాదు. పైగా గుండెనొప్పికై నైట్రేటులు వాడువారు దీనిని పుచ్చుకొన్నచో రక్తపుపోటు ప్రమాదకరముగా పడిపోవును. వైద్యుని అడుగక అంగడిలో కొనువారు దీనిని మఱవరాదు.

మాటల చరిత్ర వ్రాయువారికి 1992 డిసెంబరు మాసము ముఖ్యమైనది. అప్పుడు అమెరికా జాతీయారోగ్యసంస్థల ఆధ్వర్యమున కూడిన పండితులు 'ఇంపొటెన్స్' అను మాటను విడిచి 'ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్' అను మాటను గ్రహింపుడని సూచించిరి. మొదటిది మనిషి నంతటిని శక్తిహీనుడని తీర్పు చెప్పును. రెండవది ఒక అవయవముయొక్క పని చెడినదని మాత్రము చెప్పును. మనకును నపుంసకత్వ మను మాట యుండగా 'అంగస్తంభన లోపము' అను నూతనపదము పత్రికలలో నెలకొన్నది. స్తంభనశబ్దము శాస్త్రమున ఆపుట యను అర్థమున, శుక్రస్తంభనాదులయందు, ప్రసిద్ధము గనుక ఈ పదము శబ్దశుద్ధి కోరువారికి రుచింపకపోవచ్చును. అయినను నపుంసకుడవని పిలిపించుకొనుటకంటె ఇది వేయిరెట్లు మేలు. రోగి దీనిని నోట పలుకగలుగుచున్నాడు. శబ్దశుద్ధి పక్షమున మేమీ విషయమున వాదింపము.

స్త్రీల సంగతి వేఱు. వారికి చెడిన మాటయు లేదు, మంచి మాటయు లేదు. పిల్లలు లేనిదానికి గొడ్రాలని పేరు పెట్టిన భాష, దాంపత్యసుఖమున కలుగు లోపమునకు స్త్రీపరముగా ఒక పేరును పెట్టలేదు. వైద్యలోకముకూడ ఆలస్యముగానే మేల్కొనెను. 1971లో కొలొడ్నీ 125 మంది మధుమేహస్త్రీలను, ఆ వ్యాధి లేని 100 మందిని ప్రశ్నింపగా, గడచిన యేడాదిలో సుఖపరాకాష్ఠ నెఱుగనివారు మొదటివారిలో నూటికి 35 మంది, రెండవవారిలో 6 మంది. 1977లో ఎలెన్‌బర్గ్ దీనితో విభేదించి, స్త్రీలలో అట్టి భేదము తనకు కనబడలేదనెను. వివాదము చాలకాలము సాగినది. తరువాతి పరిశోధనలు, ముఖ్యముగా 2009లో ప్రకటింపబడిన అమెరికా దీర్ఘకాలపరిశీలన, స్త్రీలవిషయమున మనఃక్లేశము ప్రధానకారణములలో నొకటియని చూపినవి. దీనికి తోడు రక్తమున చక్కెర హెచ్చినపుడు మాటిమాటికి వచ్చు శిలీంధ్రజన్యమైన దురదలు, యోని పొడియారుట, తన్మూలమైన నొప్పి కలవు. వీనికి మందులు, లేపనములు సులభముగా దొరకును. అడుగుటయే కష్టము. భర్తకు వ్యాధి వచ్చినపుడును భార్యమాట వినువా రుండరు. ఆతడు దూరముగా తొలగుటకు కారణము తెలియక, తనయందు ప్రేమ తగ్గెనని యెందఱు స్త్రీలు లోలోన కుమిలిరో ఏ గ్రంథమును లెక్క వ్రాయలేదు.

ఇప్పటి విజ్ఞానము చెప్పు ఉపాయములలో కొన్ని మన ప్రాచీనులకు క్రొత్తవి కావు. సుశ్రుతుడు ప్రమేహరోగిని, నిర్ధనుడైనచో, గొడుగు పాదరక్షలు లేక నూఱు యోజనములకు మించి నడువుమనెను, బావులు త్రవ్వుమనెను, యవాన్నము తినుమనెను. 1993లో ముగిసిన అమెరికా మహాపరీక్షలో, ఇన్సులిన్ అవసరమైన మధుమేహులు చక్కెరను గట్టిగా అదుపులో నుంచుకొన్నచో నరములకు కలుగు హాని నూటికి 60 పాళ్లు తగ్గునని తేలినది. నరము నిలిచినచోట దాంపత్యశక్తి నిలుచుటకు అవకాశ మెక్కువ. స్థూలకాయులు బరువు తగ్గించుట, పొగత్రాగుట మానుట, రక్తపుపోటును సరిచేయుట ఈ వరుసలోనివే. రెండవరకపు మధుమేహము గల పురుషులలో చాలమందికి టెస్టోస్టిరాన్ అను అంతఃస్రావము తక్కువగా నుండును గనుక దానిని పరీక్షించుటయు కలదు. ఇన్సులిన్ వాడువారికి దాంపత్యము వ్యాయామముతో సమానము. చక్కెర పడిపోవు భయమున్నవారు ముందుగా కొలుచుకొని, తీపిపదార్థమును చేరువ నుంచుకొనుట మంచిది.

వీనియన్నిటికంటె ముఖ్యమైనదియు, నాటువైద్యుని సీసా కప్పిపుచ్చినదియు వేఱొకటి కలదు. అంగమునకు రక్తము నిచ్చు నాళములు గుండెనాళములకంటె సన్ననివి. అందుచే నాళవ్యాధి యుపక్రమించినపుడు అవియే ముందుగా మూసికొనును. ఇటీవలి పరిశోధనలనుబట్టి అంగశక్తి తగ్గుట, గుండెపోటునకు కొన్ని సంవత్సరములముందు వచ్చు హెచ్చరిక కావచ్చును. సిగ్గుపడి లేహ్యముతో సరిపుచ్చుకొన్న గృహస్థుడు తన గుండె పంపిన జాబును చదువకయే చించివైచుకొనుచున్నాడు.

2023లో భారతీయ వైద్యపరిశోధనమండలి ప్రకటించిన లెక్కనుబట్టి మనదేశమున మధుమేహము కలవారు పది కోట్లకు పైబడియున్నారు. తెలుగువారిలో ఇపుడు 'మేహ' శబ్దము ఈ వ్యాధికి వెనుకబడినది. పట్టణమునను పల్లెలోను 'షుగరు' అనియే అందుఱు. భాషాభిమానులు దీనికి చింతింపవచ్చును. మేము చింతింపము. ఆ పరభాషాపదమునకు పూర్వచరిత్ర లేదు, నింద లేదు. దానిని నలుగురిలో బిగ్గరగా పలుకవచ్చును. పెండ్లిభోజనముల పంక్తిలో కూర్చున్న పెద్దమనిషి తీపి వడ్డింపవచ్చినవానితో 'నాకు షుగరు' అని నిస్సంకోచముగా చెప్పుచున్నాడు. అతని తాత 'నాకు మేహము' అని ఆ పంక్తిలో అని యుండడు. ఆ పెద్దమనిషియే మఱునాడు వైద్యశాలకు పోయినపుడు అచటి చీటీలో కన్నులకు, పాదములకు, మూత్రపిండములకు గడులు కలవు. దాంపత్యమునకు గడి చాలచోట్ల లేదు. దానిని చేర్చువారు పురుషునకు పనికివచ్చు మాటను ఇపుడు సిద్ధముగా పొందగలరు. స్త్రీని అడుగుటకు తగిన తెలుగుమాటను మాత్రము ఇంకను వెదకవలసియున్నది.